ఇంటిలోకి వేసవి వచ్చే దారి

శివరాత్రితో చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని మన పెద్దలు అంటారు. నిజామాబాదు ప్రాంతంలో ఈ మాట దాదాపు తప్పదు. కాముని పున్నమి దాటేసరికి మధ్యాహ్నపు గాలి ముఖానికి వెచ్చగా తగులుతుంది. ఉగాది వెళ్లిన పిదప ఎండ బయట నిలువనీయదు. ఏప్రిల్, మే నెలల్లో నీడపట్టున ఉంచిన ఉష్ణమాపకం 42, 43 సెంటిగ్రేడు డిగ్రీలు చూపడం ఇక్కడ వింత కాదు. కొన్ని రోజుల్లో అది 45 డిగ్రీలను కూడా తాకుతుంది.

నిజామాబాదు పట్టణానికి ఉత్తరంగా, దగ్గరలోనే మాక్లూరు ఉన్నది. ఇది మండల కేంద్రం. ఇటువంటి ఊళ్లలో ఒకే వీధిలో మూడు రకాల ఇళ్లు కనిపిస్తాయి. మొదటిది మట్టిగోడల మీద గూనపెంకు కప్పిన పాత ఇల్లు. రెండవది సిమెంటు స్లాబు వేసిన కొత్త ఇల్లు. మూడవది రేకుల ఇల్లు. పాత ఇళ్లు ఏటేటా తగ్గిపోతున్నాయి. వ్యవసాయంలో మిగిలినదానికి గల్ఫు దేశాలకు పోయి సంపాదించినది చేర్చి, ఎన్నో కుటుంబాలు స్లాబు ఇల్లు కట్టుకున్నాయి. ఇందులో తప్పు పట్టవలసినది లేదు. పెంకుటింటికి వాన కురుస్తుంది. కోతి ఎక్కితే పెంకు పగులుతుంది. దూలానికి చెద పడుతుంది. గోడకు ఏటేటా మెత్తవలసి వస్తుంది. స్లాబు ఇంటికి ఈ బాధలు లేవు. అయితే వేసవి సాయంత్రం స్లాబు ఇంటిలో కూర్చున్నవారికి ఒక సందేహం కలుగుతుంది. పొద్దు గూకిన తరువాత బయట గాలి చల్లబడుతున్నా, ఇంటిలో ఉడుకు ఎందుకు పెరుగుతున్నది?

ఈ సందేహానికి సమాధానం తెలిస్తే ఇల్లు చల్లగా ఉంచుకొనే ఉపాయం కూడా తెలుస్తుంది. కరెంటు ఖర్చు తగ్గించుకొనే ఉపాయం కూడా అదే. నిజామాబాదు జిల్లాలో ఇది సుఖానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఇక్కడ వేలాది స్త్రీలు ఇంటి పట్టున కూర్చుండి బీడీలు చుడతారు. కూలి వేయి బీడీలకు ఇంతయని లెక్క. చేటలో తంబాకు పొడి, పక్కన తడిబట్టలో చుట్టిన తునికాకు పెట్టుకొని చేసే పని అది. పంకా జోరుగా తిరిగితే పొడి ఎగిరిపోతుంది. తడి ఆరిన ఆకు మడతపెట్టగానే పెళుసుగా విరుగుతుంది. కాబట్టి ఎంత ఉక్కపోసినా పంకాను తగ్గించుకోక తప్పదు. చేయి నెమ్మదించిన కొద్దీ కూలి తగ్గుతుంది. పంకా లేకున్నా ఓర్చుకోగలిగినంత చల్లగా ఉండే గది ఇటువంటివారికి అన్నం పెట్టే గది.

నడినెత్తి మీది సూర్యుడు

వేసవిలో ఇంటికి వేడి ప్రధానంగా ఎటునుండి వస్తుంది? చాలమంది కిటికీల నుండి వచ్చే వడగాలిని నిందిస్తారు. వడగాలి పాత్ర కొంత ఉన్నమాట నిజమే. కాని అంతకన్న పెద్ద ద్వారం ఇంటి కప్పు.

మాక్లూరు భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 18.7 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నది. సూర్యుడు మకరరేఖ నుండి కర్కటరేఖకు సాగే ప్రయాణంలో మే నెల నడుమ, 14వ తేదీ ప్రాంతంలో, ఈ ఊరికి సరిగా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ రోజున మధ్యాహ్నం 12 గంటల 14 నిమిషాల ప్రాంతంలో నిటారుగా పాతిన గుంజకు నీడ ఉండదు. తిరిగి జులై చివరలో మరొకసారి ఇట్లే జరుగుతుంది గాని, అప్పటికి మబ్బులు కమ్ముకొని ఉంటాయి. మే నెలలో ఆకాశం నిర్మలం. కావున ఎండ తీవ్రత, సూర్యుని ఎత్తు, రెండూ ఒకేసారి కూడివస్తాయి.

సూర్యుడు నెత్తి మీద ఉన్నప్పుడు గోడలకు ఎండ ఏటవాలుగా మాత్రమే తగులుతుంది. దక్షిణపు గోడకు మే నెలలో ఎండ చాలా తక్కువ. ఉదయం తూర్పు గోడ, సాయంత్రం పడమటి గోడ కొన్ని గంటలు వేడెక్కుతాయి. కప్పు మాత్రం పొద్దు పొడిచింది మొదలు గూకేవరకు ఎండలోనే ఉంటుంది. నడిమధ్యాహ్నం పూర్తి తాకిడిని భరిస్తుంది.

ఆ తాకిడి ఎంత? ఆకాశం తేటగా ఉన్న వేసవి మధ్యాహ్నం ఒక చదరపు మీటరు నేల మీద పడే సౌరశక్తి సుమారు 1,000 వాట్లు. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు గల ఒక గది కప్పు 12 చదరపు మీటర్లు. అనగా దాని మీద 12,000 వాట్ల శక్తి పడుతున్నదన్నమాట. వేయి వాట్ల కరెంటు పొయ్యిలు పన్నెండు ఇంటిపైన బోర్లించి వెలిగించినట్లు ఊహించుకొంటే చాలు. మసకబారిన పాత స్లాబు ఈ శక్తిలో ముప్పాతిక వంతు వరకు పీల్చుకొంటుంది. పీల్చుకొన్నదంతా ఇంటిలోకి రాదు. చాలవరకు గాలికి, ఆకాశానికి తిరిగి పోతుంది. వచ్చిన ఆ కొంతయే మనలను ఉడికిస్తుంది.

వేడి నడిచే మూడు దారులు

వేడి ఒకచోటి నుండి మరొకచోటికి మూడు విధాలుగా పోతుంది. చారులో పెట్టిన గరిటె కాడ వరకు వేడెక్కడం వహనం. పదార్థం కదలకుండా, వేడి మాత్రం దాని గుండా సాగుతుంది. అన్నం కుండలో అడుగున కాగిన నీరు పైకి లేవడం, పైనున్న నీరు కిందికి దిగడం సంవహనం. ఇక్కడ పదార్థమే వేడిని మోసుకొనిపోతుంది. పొయ్యికి ఎదురుగా కూర్చున్నవారి ముఖానికి సెగ తగలడం వికిరణం. దీనికి నడుమ ఏ పదార్థమూ అక్కరలేదు. సూర్యుని వేడి మనకు చేరేది ఇట్లే.

ఇంటి విషయంలో ఈ మూడూ వరుసగా పనిచేస్తాయి. ఎండ వికిరణంగా కప్పును చేరుతుంది. వహనం వలన స్లాబు పైముఖం నుండి అడుగుముఖానికి దిగుతుంది. అడుగుముఖం కాగిన తరువాత కింద ఉన్న మనుషుల మీదికి మళ్లీ వికిరణమై దిగుతుంది. అందుకే స్లాబు కింద పడుకొన్నవారికి గాలి తగులుతున్నా పైనుండి సెగ కొట్టినట్లే ఉంటుంది. పంకా గాలిని కదిలిస్తుంది గాని, పైకప్పు నుండి వచ్చే వికిరణాన్ని ఆపలేదు.

బోధను దగ్గర శక్కర్‌నగర్‌లో 1937లో ఏర్పడిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినది. అటువంటి మిల్లులలో పనిచేసినవారికి ఈ సంగతి కొత్త కాదు. చక్కెర మిల్లులో బాయిలరు నుండి పోయే ఆవిరి గొట్టాలకు పైన మందమైన తొడుగు వేస్తారు. లోపలి వేడి బయటికి పోతే చెరకుపిప్పి వృథాగా తగలబడుతుంది గనుక ఆ జాగ్రత్త. ఇంటికి కావలసినదీ అదే జాగ్రత్త. దిక్కు మాత్రం మారింది. ఇక్కడ బయటి వేడి లోపలికి రాకూడదు.

మట్టి గోడ, స్లాబు, రేకు

పాత మట్టి ఇల్లు మధ్యాహ్నం చల్లగా ఉండడానికి రెండు కారణాలు. మట్టి వేడిని నెమ్మదిగా నడవనిస్తుంది; గోడ మందం కూడా ఎక్కువ. అడుగున్నర మందం గల మట్టిగోడ బయటి ముఖాన మధ్యాహ్నం పుట్టిన వేడి లోపలి ముఖానికి చేరడానికి 12 గంటలకు పైగా పడుతుంది. అది చేరేసరికి తెల్లవారుజాము అవుతుంది. అప్పటికి బయట చల్లబడి ఉంటుంది. తలుపులు తీస్తే ఆ కాస్త వేడీ పోతుంది. పైగా దారిలోనే వేడి చాలవరకు నీరసించిపోతుంది. ఇక గూనపెంకుల నడుమ సందులున్నందున కప్పు కింద చేరిన వేడిగాలి పైకి జారుకొంటుంది.

అయిదు అంగుళాల స్లాబు కథ వేరు. దాని పైముఖం మధ్యాహ్నం ఒంటిగంట, రెండు గంటల వేళకు బాగా కాగుతుంది. 60 డిగ్రీలు దాటడం సాధారణం. ఆ వేడి అడుగుముఖానికి చేరడానికి మూడు, నాలుగు గంటలు పడుతుంది. కావున ఇంటి లోపలి కప్పు అన్నిటికన్న ఎక్కువగా కాగేది సాయంత్రం అయిదు, ఆరు గంటలకు. సరిగా అందరూ ఇల్లు చేరే వేళ అది. అటు పిమ్మట స్లాబు తనలో నిలువచేసుకొన్న వేడిని నడిరేయి దాటేవరకు దించుతూనే ఉంటుంది. బయట చల్లబడుతున్నా లోపల ఉడుకు పెరగడానికి కారణం ఇదే. మంచాలు వాకిట్లోకి, మిద్దె మీదికి చేరడానికి కారణం కూడా ఇదే. ముసలివారికి, పసిపిల్లలకు రాత్రి కూడా శరీరం చల్లబడే వీలు లేకపోతే వడదెబ్బ ముప్పు పెరుగుతుంది.

రేకుల కప్పు పలుచన. దానికి ఆలస్యం అన్నది లేదు. ఎండ తగిలిన కొద్ది నిమిషాలకే అడుగుముఖం కాగుతుంది. నడిమధ్యాహ్నం ఆ గది పొయ్యి వంటిది. అయితే నిలువచేసే శక్తి లేదు గనుక పొద్దు గూకిన తరువాత త్వరగా చల్లబడుతుంది. వెరసి మట్టి ఇల్లు వేడిని ఆలస్యం చేసి బలం తగ్గిస్తుంది. స్లాబు ఆలస్యం చేసి రాత్రికి అప్పగిస్తుంది. రేకు ఆలస్యం లేకుండా దించుతుంది. ఇంటికి తగిన మందు ఈ తేడాను బట్టి ఉంటుంది.

సున్నపు పూత

వేడిని అన్నిటికన్న తక్కువ ఖర్చుతో ఆపగల చోటు కప్పు పైముఖం. లోపలికి దిగిన వేడిని బయటికి తోలడానికి కరెంటు కావలె. పైననే తిప్పి పంపడానికి తెల్లదనం చాలు.

కొత్తగా వేసిన తెల్లని సున్నపు పూత తన మీద పడిన ఎండలో 70 వంతులకు పైగా తిప్పిపంపుతుంది. పైన చెప్పిన గది లెక్కలో, మసక స్లాబు 12,000 వాట్లలో 9,000 వరకు పీల్చుకొంటే, తెల్లని స్లాబు 3,000, 3,500 వాట్లతో సరిపెట్టుకొంటుంది. అంతేగాక, సున్నం తనలోని వేడిని రాత్రిపూట ఆకాశానికి వికిరణం చేయడంలో కూడా మంచిది. ఈ రెండు గుణాలూ ఒకచోట కూడడం ముఖ్యం. తళతళలాడే జింకు రేకు ఎండను కొంత తిప్పికొట్టినా, వేడిని వికిరణం చేయడంలో పిసినిగొట్టు. అందువలన మెరుస్తున్న రేకు కూడా చేయి పెట్టలేనంతగా కాగుతుంది. దానికి తెల్లరంగు వేస్తే మేలు.

ఈ సంగతిని పిల్లలు కూడా ఇంటిలో పరీక్షించి చూడవచ్చును. ఒకే రకమైన రెండు రేకు మూతలు తీసుకొని, ఒకదాని పైముఖానికి దీపపు మసి, రెండవదాని పైముఖానికి సున్నం పట్టించవలె. రెండింటి అడుగుముఖాలకూ మైనంతో ఒక్కొక్క గోలీ అతికించవలె. రెండింటినీ అంచుల వద్ద రాళ్ల మీద ఆనించి ఎండలో పెడితే, మసి పూసిన మూత గోలీ ముందుగా రాలుతుంది. స్లాబు విషయంలోనూ జరిగేది ఇదే. గోలీకి బదులు కింద మనుషులుంటారు.

తెల్లని ఇళ్ల మేలు ఎండ దేశాలవారు ఏనాడో గ్రహించారు. గ్రీసు దేశపు దీవులలో ఇళ్లకు సున్నం కొట్టే ఆచారం ఉన్నది. మన రాష్ట్రంలో కూడా దీనిని కొలిచి చూశారు. 2017లో హైదరాబాదులోని దేవరకొండ బస్తీలో పేద కుటుంబాల 25 ఇళ్ల కప్పుల మీద ఎండను తిప్పికొట్టే తెల్లని పొర పరచి పరిశీలించారు. ఆ ఇళ్లలోని గాలి, పొర లేని ఇళ్లలోని గాలికన్న సగటున 2 డిగ్రీలు చల్లగా ఉన్నట్లు తేలింది. 2 డిగ్రీలు స్వల్పమనిపించవచ్చును. కాని కప్పు నుండి దిగే సెగ తగ్గడం వలన శరీరానికి తెలిసే ఊరట దానికన్న ఎక్కువ. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 2028 వరకు వర్తించే శీతల కప్పుల విధానాన్ని ప్రకటించింది. దాని ప్రకారం ప్రభుత్వ భవనాలకు, వ్యాపార భవనాలకు, 600 చదరపు గజాలు మొదలుకొని పెద్ద స్థలాల్లో కట్టే నివాసాలకు ఇటువంటి కప్పు తప్పనిసరి. చిన్న ఇళ్లవారికి అది వారి ఇష్టం. కాని దాని అవసరం ఎక్కువగా ఉన్నది చిన్న ఇళ్లకే.

పూత వేసే విధానం కష్టమైనది కాదు. మొదట కప్పును ఊడ్చి, నాచు గీకి, కడిగి, బీటలుంటే పూడ్చవలె. సున్నాన్ని ముందురోజే నీటిలో తడిపి, వడకట్టి, పాల చిక్కదనానికి తెచ్చి, పట్టు నిలవడానికి జిగురు కలుపుతారు. ఎండ తగ్గిన సాయంకాలం, కప్పును కాస్త తడిపి, పలుచగా రెండు మూడు పూతలు వేయవలె. ఒకే మందపు పూత పొలుసులుగా లేస్తుంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి గట్టిపడుతుంది; అందుకు కొంత తడి అవసరం. మండుటెండలో వేసిన పూత గట్టిపడకముందే ఎండి, పొడిగా రాలుతుంది. రాతి సున్నాన్ని తడిపేటప్పుడు పొగలు కక్కుతూ ఉడుకుతుంది. కాబట్టి సున్నాన్ని కొద్దికొద్దిగా నీటిలో వేయవలెగాని, సున్నం మీద నీరు కుమ్మరించరాదు. పిల్లలను దూరంగా ఉంచి, కళ్లకు అద్దాలు పెట్టుకోవలె. దుమ్ము పేరుకొంటే తెల్లదనం తగ్గుతుంది; వానలకు పూత కరుగుతుంది. ఏటేటా ఉగాదికి ఇంటి గోడలకు సున్నం వేసేవారు మిద్దె ఎక్కి కప్పుకు కూడా వేస్తే సరిపోతుంది.

నీడ, గాలి

రెండవ ఉపాయం కప్పుకు నీడ కల్పించడం. కప్పుకు మూడు, నాలుగు అడుగుల ఎత్తున పందిరి వేసి పైన ఆకుపచ్చని వల గాని తడకలు గాని పరిస్తే, ఎండ అక్కడనే ఆగుతుంది. నడుమ ఆడే గాలి వేడిని మోసుకుపోతుంది. వరిగడ్డి, చెరకు ఆకు మంచి ఉష్ణనిరోధకాలు. వాటి పొరల నడుమ చిక్కిన గాలి వేడిని నడవనీయదు. కాని ఎండిన గడ్డి నిప్పురవ్వకు లొంగుతుంది. వంటపొయ్యికి, కరెంటు తీగలకు దగ్గరగా అది తగదు. మట్టి, కుండలు, తొట్లు మిద్దె మీద పేర్చదలచినవారు స్లాబు అంత బరువు మోయగలదో లేదో తెలిసిన మేస్త్రిని ముందుగా అడగడం మంచిది.

రేకుల ఇంటికి పైన తెల్లరంగు, కింద తడకల లోకప్పు, రెండూ ఉండవలె. రేకుకూ తడకకూ నడుమ జానెడు ఖాళీ విడిచి, గోడ పైభాగాన రెండు వైపులా రంధ్రాలు పెడితే అక్కడి వేడిగాలి బయటికి పోతుంది. పాత సిమెంటు రేకుల్లో రాతినార ఉండవచ్చును. దాని పొడి ఊపిరితిత్తులకు హాని. అటువంటి రేకులను పొడిగా గీకడం, కోయడం, తొలవడం చేయరాదు.

పడమటి గోడకు చెట్టు నీడ గాని, పందిరి మీద పాకించిన బీర, చిక్కుడు, కాకర తీగల నీడ గాని ఉంటే సాయంత్రపు ఎండ తగలదు. కిటికీకి లోపల కట్టిన తెరకన్న బయట వేలాడదీసిన వెదురు తడిక మేలు. తెర దగ్గరికి వచ్చేసరికే ఎండ గదిలో ప్రవేశించి ఉంటుంది. తడిక దానిని గడప బయటనే ఆపుతుంది.

కిటికీలు ఎప్పుడు తెరవవలెనన్నది కూడా లెక్కగా చేయవలసిన పని. బయటి గాలి లోపలికన్న చల్లగా ఉన్నప్పుడే అది మనకు స్నేహితుడు. కాబట్టి రాత్రి తొమ్మిది, పది గంటల నుండి తెల్లవారేవరకు ఎదురెదురు కిటికీలు తెరచి ఉంచవలె. దోమలకు జాలీ కట్టుకోవలె. ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటలకు ఎండ వైపు కిటికీలు మూసివేయవలె. రాత్రంతా చల్లబడిన గోడలు, నేల మధ్యాహ్నం వరకు ఆ చల్లదనాన్ని తిరిగి ఇస్తాయి. మధ్యాహ్నం గాలి కోసమని అన్ని తలుపులూ తెరిస్తే వడగాలిని పిలిచినట్లే.

నీరు చేసే పని

చెమట ఆరినప్పుడు ఒళ్లు చల్లబడినట్లే, ఎక్కడ నీరు ఆవిరి అయినా అక్కడి వేడిని తీసుకుపోతుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి కావలసిన వేడి సుమారు 580 కిలోకేలరీలు. కరెంటు భాషలో చెప్పితే ఒక యూనిటులో మూడింట రెండు వంతులు. కుండలో నీళ్లు చల్లబడడానికీ, వట్టివేళ్ల తడికలకూ, నేటి కూలరుకూ మూలసూత్రం ఇదే.

సాయంత్రం మిద్దె మీద నీళ్లు చల్లే అలవాటు మన ఊళ్లలో ఉన్నది. అది ఎంతవరకు ఉపయోగం? ఇంతకుముందు చెప్పిన గది స్లాబు, అయిదు అంగుళాల మందంతో, సుమారు 3,450 కిలోల బరువు ఉంటుంది. దానిని 10 డిగ్రీలు చల్లబరచవలెనంటే 12, 13 లీటర్ల నీరు పూర్తిగా ఆవిరి కావలె. అనగా ఒక బకెట్ నీరు. కాని ఆ నీరు కప్పు మీద పలుచగా పరచుకొని అక్కడనే ఆరవలె. పైపు పెట్టి ధారగా వదిలితే, నీరు కాస్త వేడెక్కి తూములో పడిపోతుంది. పది బకెట్లు పోసినా పని సగమే. పొద్దు వాలిన తరువాత చీపురుతో పలుచగా చిలకరించి, ఆరిన పిదప మరొకమారు చిలకరించడం సరియైన పద్ధతి. బోర్లు అడుగంటే నెలల్లో ఈ లెక్క తెలిసి ఉండడం అవసరం. తెల్లని పూత ఉన్న కప్పుకు ఈ నీరు కూడా చాలవరకు మిగులుతుంది.

కూలరు మన ప్రాంతపు పొడి వేసవికి సరిపోయిన యంత్రం. గాలిలో తేమ 20 వంతులు మాత్రమే ఉన్న మధ్యాహ్నం, 42 డిగ్రీల గాలిని మంచి కూలరు 30 డిగ్రీలకు దగ్గరగా దించగలదు. గంటకు 5 లీటర్ల నీరు ఆవిరి చేస్తే అది తొలగించే వేడి మూడు యూనిట్లకు మించుతుంది. వాడే కరెంటు యూనిటులో అయిదవ వంతు. కాని గదిలోని తేమగాలి బయటికి పోయే దారి ఉండవలె. తలుపులన్నీ బిగించి కూలరు వేస్తే కొద్దిసేపటికే గాలి తేమతో నిండి జిగటగా అవుతుంది. కూలరుకు ఎదురుగా ఒక కిటికీ తెరచి ఉంచవలె. జూన్‌లో వానలు దిగిన తరువాత దీని బలం తగ్గుతుంది. తొట్టి నీరు వారానికొకసారి పూర్తిగా తీసి ఆరబెట్టకపోతే దోమలు పెరుగుతాయి.

మీటరు మీది లెక్క

కప్పు సంగతి చూసిన తరువాతనే కరెంటు యంత్రాల సంగతి చూడవలె. పంకా గదిని చల్లబరచదు. శరీరం మీది చెమటను త్వరగా ఆర్పుతుంది, అంతే. మనుషులు లేని గదిలో తిరిగే పంకా తన మోటారు వేడిని గదికి కలుపుతుంది. పాత రకం పంకా 75 వాట్లు తింటుంది. బొగ్గుముక్కలు లేని కొత్తరకం బి.ఎల్.డి.సి. మోటారు గల పంకా 30 వాట్ల ప్రాంతంలో అంతే గాలి ఇస్తుంది. 2023 జనవరి 1 నుండి అమ్మే ఇంటి కప్పు పంకాలపై ఎన్ని నక్షత్రాల నాణ్యమో తెలిపే చీటీ తప్పనిసరి అయినది. కొనేముందు ఆ చీటీ చదవడం మంచిది. ఇక తంతిబల్బు తాను తిన్న కరెంటులో చాలా భాగాన్ని వెలుగుగా కాక వేడిగానే మారుస్తుంది. వేసవిలో అది రెండు విధాల నష్టం.

ఒక చిన్న కుటుంబపు లెక్క చూడవచ్చును. మూడు పాత పంకాలు రోజుకు 14 గంటలు తిరిగితే 3.15 యూనిట్లు. 180 వాట్ల కూలరు 10 గంటలకు 1.8 యూనిట్లు. ఫ్రిజ్‌కు 1 యూనిటు, దీపాలు, టి.వి. మొదలైనవాటికి 0.8 అనుకొంటే రోజుకు 6.75 యూనిట్లు, నెలకు 202. ఈ అంకె ముఖ్యం. 2024 ఫిబ్రవరి 27న ప్రారంభమైన గృహజ్యోతి పథకంలో అర్హత గల కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితం. ఆ హద్దు దాటిన నెలలో బిల్లు కట్టుకోవలసి వస్తుంది. పై ఇంటివారు రెండు యూనిట్ల మూలమున గట్టు దాటుతున్నారు. మూడు పంకాలను 30 వాట్లవిగా మారిస్తే వాటి ఖర్చు రోజుకు 1.26 యూనిట్లకు దిగి, నెల మొత్తం 146 అవుతుంది. ఒకేసారి మార్చే స్తోమత లేకపోతే, ఎక్కువ గంటలు తిరిగే పంకాను ముందుగా మార్చవలె. కప్పుకు సున్నం వేసిన ఇంటిలో కూలరు గంటలు కూడా తగ్గుతాయి.

ఏ.సి. పెట్టుకొన్నవారికీ ఇదే సూత్రం. ఒకటిన్నర టన్నుల ఏ.సి. గంటకు ఒకటిన్నర యూనిటు వరకు తింటుంది. కాగిన స్లాబు కింద అది రాత్రంతా స్లాబుతో పోరాడుతూనే ఉంటుంది. 2020 జనవరి 1 నుండి కొత్త ఏ.సి.లు వేయగానే 24 డిగ్రీల వద్ద మొదలయ్యేట్లు నియమం వచ్చింది. అక్కడి నుండి ఒక్కొక్క డిగ్రీ పెంచినకొద్దీ కరెంటులో సుమారు 6 వంతులు మిగులుతుంది. 26 డిగ్రీల వద్ద ఉంచి పంకాను నెమ్మదిగా తిప్పితే హాయి తగ్గదు.

ఏ పని ముందు?

శివరాత్రి నుండి ఉగాది వరకు దాదాపు నెల రోజుల పైన వ్యవధి ఉంటుంది. పనులన్నీ ఆ వ్యవధిలోనే చేసుకోవలె. మొదట కప్పు కడిగి, బీటలు పూడ్చి, సున్నం వేయవలె. తరువాత పడమటి వైపు తడికలు, పందిళ్లు కట్టి, తీగలు పాకించవలె. గోడ పైభాగాన మూసుకుపోయిన రంధ్రాలను తెరవవలె. పంకాల రెక్కల దుమ్ము తుడిచి, కూలరు గడ్డి మార్చి, ఫ్రిజ్‌ను గోడకు జానెడు ఎడంగా జరపవలె. ఏ.సి. ఆలోచన అన్నిటికన్న చివర.

ఈ వరుసను తలకిందులు చేయడం వలననే ఖర్చు పెరుగుతున్నది. మే నెలలో ఉడుకు భరించలేక యంత్రం కొంటారు. కప్పు మాత్రం నల్లగా కాగుతూనే ఉంటుంది. అది చిల్లికుండలో నీరు పోస్తూ కూర్చున్నట్లు.

మట్టి ఇంటిని విడిచినవారు తిరిగి దానికి పోనక్కరలేదు. మట్టి ఇల్లు తెలియకుండానే పాటించిన మూడు నియమాలను స్లాబు ఇంటిలో తెలిసి పాటిస్తే చాలు. అవి ఎండను బయటనే ఆపడం, వేడిగాలికి పైన దారి విడవడం, రాత్రి చల్లదనాన్ని పగటికి దాచుకోవడం. ఒక సాయంత్రపు శ్రమతో, ఒక బస్తా సున్నంతో మొదలయ్యే పని ఇది. దాని ఫలితం మీటరు మీద కనిపించకముందే, మధ్యాహ్నం చేట ముందు కూర్చున్న ఇల్లాలికి తెలుస్తుంది.